ఈస్ట్ లేక్‌ల బాపు, తీగల సాహిత్, రెండు స్ట్రోకులు

బాపుకు గోల్ఫ్ అంటే ఏందో తెల్వది. కరీంనగర్‌ల ముప్పై ఏండ్లు లెక్కల సారుగ చేసిండు, ఆయనకు ఆటంటే వాలీబాల్, తర్వాత టీవీల క్రికెట్. 2024 ఆగస్టుల మా దగ్గరికి అట్లాంటా వచ్చినప్పుడు, మా ఆయన ఆఫీసుల ఒకాయన టూర్ ఛాంపియన్‌షిప్ అనే గోల్ఫ్ టోర్నమెంట్‌కి శనివారం టికెట్లు రెండున్నయి, మేము పోలేకపోతున్నం, మీరు పోతరా అని అడిగిండు. మా బాబు ఇంకా చిన్నోడు, ఆ ఎండల వాన్ని తిప్పలేం, మా ఆయన నేను ఇంట్ల ఉంట మీ బాపును తీస్కపో అన్నడు.

బాపు ముందు రానన్నడు. మోకాళ్ళ నొప్పులు, పైగా ఎవరో గుంతల బంతి ఏస్తుంటే నేనేం చూస్త అని. అప్పుడు చెప్పిన, అండ్ల మనోడొకడు ఆడుతున్నడు బాపూ, పేరు సాహిత్, ఇంటిపేరు తీగల, పుట్టింది పెరిగింది కాలిఫోర్నియలనే గని వాళ్ళ అమ్మనాన్న హైదరాబాద్ నుంచి వచ్చినోళ్ళు అని.

"తీగలనా? మన తీగలగుట్టపల్లి తీగలనా?" అన్నడు.

ఊరు పేరు గాదు ఇంటిపేరు అని చెప్పిన గని అప్పటికే లేచి టోపీ ఎతుకుతున్నడు.

పొద్దున తొమ్మిదింటికి బయలెల్లినం. పులిహోర డబ్బా కారులనే పెట్టినం, లోపలికి తీస్కపోనియ్యరని. దారిల ఆట గురించి నాకు తెలిసిన కాడికి చెప్పిన. ఒక్కో గుంతకు ఇన్ని దెబ్బలల్ల వెయ్యాలె అని లెక్క ఉంటది, దాన్ని పార్ అంటరు, ఈ టోర్నమెంట్ జరిగే గోల్ఫ్ మైదానం ఈస్ట్ లేక్‌ల మొత్తం పద్దెనిమిది గుంతలకు పార్ 71, అంతకంటె తక్కువ దెబ్బలల్ల ఐతే మైనస్, మైనస్ ఎంత ఎక్కువైతే అంత మంచిది. లెక్కల సారుకు ఇది వెంటనే ఎక్కింది. ఎక్కంది ఒక్కటే, సీజన్ మొత్తంల పైన నిలబడ్డ 30 మందే ఈ చివరి టోర్నమెంట్ ఆడుతరు గదా, అండ్ల మొదటి ర్యాంకోడు స్కాటీ షెఫ్లర్ ఒక్క బంతి గూడ కొట్టకముందే మైనస్ 10 తోటి మొదలువెడ్తడని చెప్తే బాపుకు కోపమొచ్చింది. "గదేం పద్ధతి, పరీక్ష రాయకముందే పది మార్కులా?" అన్నడు. నిజం చెప్తున్న, నాకూ అది ఎప్పుడూ నచ్చలే. 2019ల పెట్టిన్రు, 2025ల తీసేసిన్రు, ఇప్పుడు అందరు సున్నా నుంచే మొదలువెడ్తున్నరు. తీసేసిన్రని తెల్సినంక బాపు ఫోన్ చేసి మరీ చెప్పిండు నాకు.

లోపలికి పోయినంక మొదటి గంట బాపు ఆట చూడలే, గడ్డి చూసిండు. వంగి చేత్తోని ముట్టి, ఇంత సమానంగ ఎట్ల కోస్తరు బిడ్డా అని రెండుసార్లు అడిగిండు. చెరువు పక్కన చెట్టు నీడల కూసున్నం కొద్దిసేపు. తర్వాత తాడు ఎంబడి నడుస్తుంటే ప్రతి జట్టు ఎంబడి ఒక వాలంటీర్ స్కోర్ బోర్డు పట్టుకొని నడుస్తడు గదా, ఆ బోర్డు మీద ఇంగ్లీషుల తీగల అని కనపడంగనే బాపు ఆగిపోయిండు. ఒక్కో అక్షరం సదివిండు. మా పక్కనోళ్ళు థిగాలా థిగాలా అని పిలుస్తున్నరు, బాపు మాత్రం "తీగల" అని మెల్లగ, గొంతు లోపల్నే అనుకుంటున్నడు. ఆయన మామూలుగ మెల్లగ మాట్లాడే మనిషి గాదు, క్లాసు చివరి బెంచి దాకా వినపడే గొంతు. గని ఆటగాడు బంతి కాడ నిలబడంగనే వాలంటీర్లు చేతులు పైకి లేపుతరు, వేలమంది ఒక్కసారే ఊకుంటరు, పిట్టల సప్పుడు తప్ప ఏముండదు. ఆ నిశ్శబ్దం బాపుకు ఎంత నచ్చిందో.

మూడో హోల్ కాడ, అంటే మూడో గుంత కాడ, జరిగింది అసలు సంగతి. సాహిత్ బంతి బంకర్ల పడ్డది, ఇసుక గుంత అది. కొట్టిండు, బయటికొచ్చింది. మాకు దూరం నుంచి తప్పేం కనపడలే, చూసినోళ్ళెవరికీ కనపడలేదనుకుంట. తర్వాత ఎవరితోనో మాట్లాడుతున్నడు, ఏందో అర్థం గాలే, ముందుకు నడిచినం. కొద్దిసేపటికి ఫోన్ల చూస్తే ఆ హోల్ కాడ స్కోరు మారింది, రెండు స్ట్రోకులు, అంటే రెండు దెబ్బలు, పెనాల్టీ అని. చదివి బాపుకు చెప్పిన. బంకర్ల బంతిని కొట్టెటప్పుడు బ్యాట్, అదే క్లబ్బు, ఎనుకకు తీసేటప్పుడు ఇసుకకు తగలొద్దు. కొంచెం తగిలినట్టు అతనికే అనిపించింది, అతనే పోయి చెప్పిండు.

"ఎవ్వరు చూడలేదా?"

"లేదు బాపూ."

"అంపైర్ గూడ?"

"లేదు, ఆయనే చెప్పుకున్నడు."

బాపు ఏం మాట్లాడలే. టోపీ తీసి మొఖం తుడుసుకున్నడు. తర్వాత చానాసేపు సాహిత్ ఎంబడే నడిచినం, మోకాళ్ళ సంగతి ఎత్తలే ఒక్కసారి గూడ.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలె. ఈస్ట్ లేక్ అంటే పాతకాలం పెద్ద గోల్ఫ్ ఆటగాడు బాబీ జోన్స్ చిన్నప్పుడు ఆట నేర్చుకున్న చోటు. ఆయన 1925 యూఎస్ ఓపెన్‌ల బంతి కొంచెం కదిలిందని, ఎవ్వరు చూడకపోయినా, తన మీద తనే ఒక స్ట్రోక్ పెనాల్టీ వేసుకున్నడు. చివరికి ఆయన, ఇంకొక ఆటగాడు సమానంగ నిలిచిన్రు, ఎవరు గెలిచిన్రో తేల్చే ప్లేఆఫ్‌ల జోన్స్ ఓడిపోయిండు. మెచ్చుకోబోతే, బ్యాంకు దోచుకోలేదని మెచ్చుకుంటరా అన్నడంట. మధ్యాహ్నం నీడల నిమ్మరసం తాగుకుంట ఇది బాపుకు చెప్పిన.

అప్పుడు బాపు వాలీబాల్ కథ ఎత్తిండు. నాకు తెల్సిన కథనే, అమ్మ నోట వంద సార్లు విన్న, గని ఆయన నోట ఎప్పుడు వినలే. నేను పుట్టకముందు టీచర్ల టోర్నమెంట్ ఫైనల్, చివరి పాయింట్లు నడుస్తున్నయి. అవతలోడు కొట్టిన బంతి బయట పడ్డది, రిఫరీ వీళ్ళకే పాయింట్ ఇచ్చిండు. బాపు చెయ్యి లేపి "టచ్" అన్నడు, బ్లాక్‌ల నా వేలికి తగిలింది అని. మ్యాచ్ పోయింది. స్టాఫ్ రూంల వారం రోజులు ఎవ్వరు మాట్లాడలేదంట. గెలిచినోళ్ళకు స్టీల్ టిఫిన్ క్యారియర్లు ఇచ్చిన్రు మనిషికొకటి. కొత్తగ పెండ్లైన అమ్మకు ఇంట్ల క్యారియర్ లేదు అప్పటికి, అందుకే ఆమె చెప్పినప్పుడల్ల అది పోయిన క్యారియర్ కథనే. నేను గూడ ఇన్నేండ్లు అట్లనే విన్న.

"మీ అమ్మకు చెప్పలే గని, ఆ రాత్రి నిద్రవట్టలే నాకు," అన్నడు. "తప్పు చేసిన్నా అని గాదు. గింత చిన్నగ తగిలింది, నాకు తప్ప ఎవ్వరికి తెల్వది. నిజంగ తగిలిందా, నేనే అనుకున్ననా అని."

ఆ మాట నాకు ఎప్పుడు చెప్పలే. నేను ఆయన చెయ్యి పట్టుకున్న, వేళ్ళన్ని ఎండకు వెచ్చగున్నయి.

ఆదివారం ఇంట్ల టీవీల చూసినం. షెఫ్లర్ మైనస్ 30 తోటి గెలిచిండు, కాలిన్ మోరికావా మైనస్ 26, సాహిత్ మైనస్ 24, మూడో ప్లేస్. బాపు నా కొడుకు క్రేయాన్ తీస్కొని కవర్ ఎనుక లెక్క మొదలువెట్టిండు. ఆ రెండు లేకపోతే మైనస్ 26, అంటే మోరికావాతోటి సమానం. రెండో బహుమతి కోటి 25 లక్షల డాలర్లు, మూడోది 75 లక్షలు, ఇద్దరు సమానమైతే కలిపి సగం సగం, అంటే కోటి. తేడా 25 లక్షల డాలర్లు. రూపాయలల్ల డాలర్‌కు 84 పెట్టి చూసిండు, 21 కోట్లు. మళ్ళ ఒకసారి గుణించి చూసుకున్నడు.

కరీంనగర్‌ల తెల్లారంగనే అమ్మకు ఫోన్ కలిపిండు. నమస్కారం లేదు, తిన్నవా లేదు.

"ఇన్నవా? మనోడొకడు 21 కోట్లు ఒదులుకున్నడు," అన్నడు. "నేను క్యారియరే గదనే."