మా నాయిన తరిమిన పిట్టలు

హోలీ వెళ్లిన తర్వాతి శనివారం హైదరాబాద్ పక్కన చిలుకూరులో ఉన్న మృగవని పార్కుకు పోయొచ్చాను. మోదుగులు పూసి వారం దాటింది, ఇంకో పది రోజులైతే పువ్వంతా నేల పాలవుతుందని ఆఫీసులో కూర్చున్నా మనసు అటే లాగింది. శనివారం చిలుకూరు వీసా బాలాజీ గుడి దారి ఎట్లా ఉంటుందో తెలుసు. అయినా మెహదీపట్నంలో బస్సెక్కితే కాలు పెట్టే సందు కూడా లేదు. పక్కన నిలబడ్డ పిల్లవాడికి వీసా వచ్చిందట. మొక్కుకున్నప్పుడు 11 ప్రదక్షిణలు చేశాడట, ఇప్పుడు 108 తీర్చుకోవడానికి పోతున్నాడు. బస్సు దిగాక, గేటు దాకా దింపడానికి ఆటో అతను 150 అడిగాడు. మెహదీపట్నం నుంచి అంత దూరం తీసుకొచ్చిన బస్సు కూడా అంత తీసుకోలేదు. కోపమొచ్చి నడిచాను. ఎండ అప్పుడే మాడు పగలగొడుతోంది. పిట్టలేమో చల్లపూటే తిరుగుతాయి. సగం రోజు పోగొట్టుకున్నానని ఉసూరుమంటూ లోపలికి అడుగుపెట్టాను.

మృగవనిని 1994లో జాతీయ పార్కుగా ప్రకటించారు. మొత్తం 3.6 చదరపు కిలోమీటర్లు. చుట్టూ ఫామ్‌హౌస్‌లు, వెంచర్ల బోర్డులు. లోపల మాత్రం టేకు, వెదురు, రేల, మోదుగు, రాళ్ల మధ్య ముళ్ల పొదలు. దుప్పులు కనిపించాయి, నెమలి అరుపు వినిపించింది, ఎండు కొమ్మ మీద పాలపిట్ట ఒకటి కూర్చుని ఉంది. వేరే రోజైతే దాని దగ్గరే గంట నిలబడేవాణ్ని. కానీ ముందు నుంచి ఒకటే గోల. సంతలో వందమంది ఒకేసారి బేరమాడుతున్నట్టు, కిచకిచ, గరగర, మధ్యలో ఈలలు.

ఆ మోదుగు చెట్టుకు ఆకన్నది లేదు. కొమ్మకొమ్మకూ నల్లటి మఖమలు తొడిమలు, వాటిలోంచి చిలుక ముక్కులా వంగిన ఎర్రటి రేకలు. సంస్కృతంలో కింశుకమన్నారు కదా, ఇది చిలుకా అని. ప్రతి గుత్తి దగ్గరా రెండు మూడు పిట్టలు కొట్లాడుకుంటున్నాయి. తల, రెక్కలు నల్లగా, వీపు, పొట్ట లేత గులాబీ. పుస్తకాల్లో గులాబీ గోరింక అని రాస్తారు. ఒకటి పువ్వు కిందికి తలకిందులుగా వేలాడి, వంగిన రేకను ముక్కుతో చీల్చి, కళ్ల దాకా లోపలికి దూర్చింది. తల బయటికి తీసేసరికి నుదుటి మీద పసుపు అద్దినట్టు పుప్పొడి. దాన్ని దులుపుకోకుండానే పక్క పువ్వు మీద పడింది.

మంటలు పాకకుండా ఎండుటాకులు ఊడ్చి బాట చేస్తున్న ఒక పెద్దమ్మ నా వెనకే నిలబడింది.

"ఏం జూస్తున్నవ్ బిడ్డా?"

"పిట్టలు, పెద్దమ్మా."

ఆమె తలెత్తి చూసింది. "గివా? గివి జొన్నపిట్టలు గాదా! కంకి పాలు పోసుకున్నదంటే సాలు, మంద మంద దిగి చేను చేనంత ఊడ్సుకపోతుండె. కొట్టి కొట్టి రెక్కలు గుంజుతుండె మాకు."

జొన్నపిట్ట. ఆ మాట విని నా చేతిలోని బైనాక్యులర్ కిందికి దిగిపోయింది. మాది పరిగి దగ్గర పల్లె. సంక్రాంతి సెలవులంటే నాకు మంచె మీద కాపలాయే. పొద్దు పొడవకముందే నాయిన నన్ను లేపి, డబ్బా, కట్టె చేతిలో పెట్టి మంచె ఎక్కించేవాడు. తను కింద వడిసెల తిప్పుతూ, హో అని కేకలు. రాయి పడిందంటే దుప్పటి దులిపినట్టు పిట్టల మంద ఒక్కసారిగా లేచి, గాలిలో చుట్టు తిరిగి, చేను అవతలి చెక్కలో దిగేది. ఆ పిట్టా, మూడేళ్లుగా నేను కెమెరా వేసుకుని వెతుక్కుంటున్న ఈ గులాబీ గోరింకా ఒకటేనని నాకు ఇన్నాళ్లూ తట్టలేదు. చేనులో ఎప్పుడూ అది నల్లటి మందే తప్ప పిట్ట కాదు.

బైనాక్యులర్ పెద్దమ్మకిచ్చాను. కాసేపు ఎటెటో తిప్పింది, సర్దుకుంది, తర్వాత మాట్లాడలేదు. చాలాసేపటికి అంది: "అగో, నెత్తి మీద జుట్టు గూడ ఉన్నదే దీనికి! గిన్నేండ్లల్ల ఎన్నడు సూడలే."

ఇవి ఎక్కడి నుంచి వస్తాయని అడిగింది. మధ్య ఆసియా నుంచి వానాకాలం చివర్లో దిగుతాయనీ, చలికాలమంతా మన దగ్గరుండి ఏప్రిల్ కల్లా వెళ్లిపోతాయనీ చెప్పాను. అక్కడ గూళ్లు పెట్టుకున్నప్పుడు వీటి తిండి మిడతలు. చైనాలోని షిన్‌జియాంగ్‌లో మిడతల దండును తినిపెడతాయని వీటికోసం రాళ్లు పేర్చి ఇళ్లే కట్టిస్తారు. "మేం రాళ్లతోని గొట్టినం, వాళ్లు రాళ్లతోని ఇల్లు గట్టిండ్రు" అని పెద్దమ్మ చీపురు అందుకుంది. కొంచెం దూరం పోయి మళ్లీ ఆ చెట్టు వైపు తిరిగి చూసింది.

మధ్యాహ్నం దాటినా ఆ చెట్టు కింద నుంచి కదల్లేకపోయాను. వాచ్‌టవర్ ఎక్కలేదు. తెచ్చుకున్న పులిహోర అక్కడే తిన్నాను.

తిరుగు ప్రయాణంలో చేవెళ్ల రోడ్డు మీదికి వచ్చి నిలబడ్డాను. రోడ్డుకు అటూ ఇటూ మర్రిచెట్లు, మా ఊరి బస్సు వాటి నీడలోనే పట్నానికి వచ్చేది. రోడ్డు వెడల్పు చేయడం కోసం వీటిని కొట్టేయాలా వద్దా అని ఏళ్లుగా గొడవ నడిచింది. ఒక మర్రి మొదట్లో కూర్చుని నాయినకు ఫోన్ చేశాను. మా దిక్కు చేలలో ఇప్పుడు జొన్న లేదు, అంతా పత్తే. మంచె వేయక పదిహేనేళ్లయింది.

"నాయినా, ఇయ్యాల మన జొన్నపిట్టల్ని చూసిన."

"యాడ?"

"మృగవనిల. మోదుగు చెట్టు మీద."

కొద్దిసేపు మాట లేదు. తర్వాత, "ఎన్నున్నయ్?" అన్నాడు.

"రెండొందల దాక ఉంటయ్."

"గంతేనా?" అన్నాడు నాయిన.