తెలుగు వెర్షన్ అంటే చిన్న పనేనట

పొద్దున స్టాండప్‌లో (రోజూ జరిగే చిన్న టీమ్ మీటింగ్‌లో) మా మేనేజర్ గారు "సైట్‌లో తెలుగు పెట్టడమే కదా, సాయంత్రానికి అయిపోతదిగా" అన్నారు, నేను నవ్వి ఊరుకున్నా. ఇంగ్లీష్ కోసం కొలిచి చేసిన బటన్‌లో తెలుగు పెడితే పైన గుడి, కింద వత్తు రెండూ తెగిపోతయ్, లైన్ హైట్ (ఒక్కో వరుసకిచ్చే ఎత్తు) 1.2 ఉన్నదాన్ని 1.6 దాకా తెస్తే గానీ కుదరదు, అప్పుడేమో డిజైనర్ వచ్చి బటన్ లావైపోయిందంటాడు.

అసలు తలనొప్పి మాత్రం పేరు ఫీల్డ్. శ్రీలక్ష్మి అని కొడితే మనకి కనపడేవి మూడే అక్షరాలు, జావాస్క్రిప్ట్‌ని (సైట్ కోడ్ రాసే భాష) లెంత్ అడిగితే 11 అంటది, ఎందుకంటే యూనికోడ్‌లో (కంప్యూటర్లో అక్షరాలకి నంబర్లిచ్చే పద్ధతి) పొల్లు, గుణింతం గుర్తు అన్నీ విడివిడిగా లెక్క. మాక్స్‌లెంత్ (ఫీల్డ్‌లో పట్టే గరిష్ఠ పొడవు) 20 పెట్టి ఇంటిపేరుతో సహా రాయమంటే జనం ఎట్లా రాస్తారు చెప్పండి? కనపడే అక్షరాల లెక్కన విడగొట్టడానికి జావాస్క్రిప్ట్‌లోనే Intl.Segmenter అని ఒకటి ఉంది గానీ అది ఫైర్‌ఫాక్స్‌లోకి వచ్చిందే 2024లో, పాత ఫోన్లు వాడేవాళ్ల సంగతేంటి (మా యూజర్లలో వాళ్లే ఎక్కువ మరి).

లిమిట్ 100కి పెంచేసి టికెట్ (నాకిచ్చిన పని ఎంట్రీ) క్లోజ్ చేశా, డేటాబేస్ టీమ్ ఏమంటారో రేపు చూడాలి.