చెప్పులు విప్పమని ఒక్కరూ అనలేదు

షుగర్ ఉన్న మా అత్త కాళ్ల గురించి నిద్ర పట్టట్లేదని చెబితే మా ఆయన నవ్వుతాడు. అందుకే ఇక్కడ రాసుకుంటున్నా.

పొద్దున అత్తను క్లినిక్కి తీసుకెళ్లాను. టోకెన్, లైను, ఫ్యాను కింద బెంచీ కోసం పోటీ, అన్నీ మామూలే. పరగడుపు షుగర్ 128 వచ్చింది, బీపీ 130/80. చాలా రోజుల తర్వాత ఇంత మంచి అంకెలు చూశాం, అత్త ముఖం వెలిగిపోయింది. సంతోషమే, కాదనను.

కానీ డాక్టరు సారు పుస్తకంలో ఆ అంకెలు చూసి, "బాగుందమ్మా, అవే వాడండి" అన్నారు. అంతే. మేము కుర్చీలోంచి లేవకముందే వెనకాయన తన పుస్తకం టేబుల్ మీద పెట్టేశాడు. మందుల కిటికీలో నెలకు సరిపడా షుగర్‌కు మెట్‌ఫార్మిన్, బీపీకి ఆమ్లోడిపిన్ ఇచ్చారు. బయటికొచ్చాం. నేను అడగాలనుకున్నవి నోట్లోనే ఉండిపోయాయి. అత్త కాళ్లు మాత్రం టేబుల్ కింద చెప్పుల్లోనే ఉన్నాయి. వాటిని ఒకసారి చూద్దామని ఆ గదిలో ఎవరికీ తోచలేదు. షుగర్ ఉన్న మనిషి కాళ్లు ఏడాదికి ఒక్కసారైనా పరీక్షగా చూడాలని వాళ్లకు నేనా చెప్పాలి? కంటి పరీక్ష, మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ పోతోందేమో చూసే పరీక్ష కూడా ఏటా చేయాల్సినవే. వాటి ఊసూ లేదు. రక్తంలో అంకె తగ్గితే మనిషి బాగున్నట్టేనా?

మళ్లీ కాళ్ల గోల మొదలుపెట్టింది అనుకుంటున్నారు కదా. మా జేజి సంగతి ముక్కలు ముక్కలుగా ఎప్పుడో రాశాను. ఈ చెప్పు సంగతి మాత్రం రాసినట్టు లేదు.

ఎండాకాలం సెలవుల్లో ఊర్లో వాకిట్లో కూర్చుని అందరం చెనిక్కాయలు ఒలిచేవాళ్లం. జేజి వీధిలోకి పోయి వచ్చేది. ఒక కాలికి చెప్పు ఉండేది, ఇంకో కాలికి ఉండేది కాదు. "జేజీ, రెండో చెప్పు యాడ పారేసినావు?" అని మేము అరిస్తే, కిందికి చూసుకుని తనే ఆశ్చర్యపోయేది. ఇక మాకది ఆట. చెప్పు వెతికి తెచ్చినవాళ్లకు బెల్లం ముక్క. ఒకసారి రచ్చకట్ట దగ్గర దొరికింది, ఒకసారి పేడదిబ్బ పక్కన. జేజి కూడా మాతో పాటే నవ్వేది, ముసలితనం వచ్చి మతిమరుపు ఎక్కువైందని అందరితో చెప్పుకునేది. అది మతిమరుపు కాదని ఎవరూ అనలేదు. చెప్పు జారితే ఎవరికైనా కాలికి తెలుస్తుంది. ఏళ్ల తరబడి షుగర్ ఎక్కువగా ఉంటే నరాలు కాలివేళ్ల దగ్గర మొదలుపెట్టి పైకి చచ్చుబడుతూ వస్తాయి. జేజి కాలు మాకు ఆ మాట చెబుతూనే ఉంది, మేము బెల్లం తింటూ కూర్చున్నాం.

తర్వాత తుమ్మముల్లు దిగింది. అదీ తనకు తెలియలేదు. బండల మీద రక్తపు మరకలు చూసి నాయన అడిగితే, కోడి ఏమన్నా దెబ్బ తగిలించుకుందేమో చూడమంది. ఊర్లో సూదులేసే ఆయన పొడి చల్లి కట్టు కట్టాడు. వేలు నల్లబడ్డాక అనంతపురం తెచ్చారు. మొదట వేలు తీశారు, ఆ తర్వాత సగం పాదం. నాయన పాలిచ్చే ఎనుమును అమ్మినాడు.

2007లో ఆరోగ్యశ్రీ మొదలైనప్పుడు మొదటి విడత మూడు జిల్లాల్లో మన అనంతపురమూ ఒకటి, మహబూబ్‌నగర్, శ్రీకాకుళంతో పాటు. "నాలుగేండ్లు ముందొచ్చింటే ఎనుము ఉండేది" అని నాయన ఎన్నిసార్లు అన్నాడో. అప్పట్లో నాకూ నిజమే అనిపించేది. ఎనుము ఉండేదేమో గానీ, వేలు పోయేదే. ఆపరేషన్‌కు డబ్బు దొరకడం వేరు, ముల్లు గుచ్చుకోకముందే ఎవరో ఒకరు పాదం చేతిలోకి తీసుకుని చూడడం వేరు.

సాయంత్రం దాకా ఆ డాక్టరు సారు మీదే కోపంగా ఉన్నాను. ఇంతలో ఏఎన్ఎం సిస్టర్ వచ్చింది, ముప్పై దాటిన వాళ్లందరి వివరాలు రాసుకోవాలని. టేపు తీసి మా ఆయన నడుం కొలుస్తుంటే ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కున్నాడు. అయినా 98 సెంటీమీటర్లు వచ్చింది. మగవాళ్లకు 90 దాటితే ఒక మార్కు, 100 దాటితే రెండు. వయసు, బీడీ సిగరెట్లు, మందు, నడక, ఇంట్లో ఎవరికైనా షుగర్ బీపీ ఉన్నాయా, అన్నీ కలిపి నాలుగు దాటిన వాళ్లను ముందు పరీక్షలకు పంపుతారట. ఆయన ఎంతకొచ్చాడో చెప్తే ఊరుకోడు. మధ్యలో ఓటీపీ రాలేదు, ఫోన్ పట్టుకుని ఆ పిల్ల గేటు దాకా పోయి వచ్చింది.

అత్త వంతు వచ్చింది. చదివి చదివి అరిగిపోయిన గొంతుతో అడుగుతూ పోయింది. దగ్గు రెండు వారాలకు మించి ఉందా, నోట్లో పుండ్లు ఉన్నాయా, అరికాళ్లలో తిమ్మిర్లు వస్తున్నాయా? అత్త అన్నింటికీ "లేదు, లేదు". పోయిన వారమే రాత్రిపూట చీమలు పాకినట్టుందని నాతో అరికాళ్లు రుద్దించుకున్న మనిషి! నేను చూస్తుంటే గోడ వైపు తిరిగింది. సిస్టర్ పోయాక అడిగితే, "ఉందంటే ఇంకో మాత్ర రాస్తారు పాపా, మల్లా ఆస్పత్రి చుట్టూ తిప్పుతారు" అంది.

ఇక కోపం ఎవరి మీద పెట్టుకోను? అడగలేదని పొద్దున తిట్టుకున్నాను. సాయంత్రం అడిగారు, జవాబు అబద్ధం. బీపీ ఎందుకు తప్పకుండా చూస్తున్నారు? పుస్తకంలో దానికి ఒక గడి ఉంది కాబట్టి, నర్సు బయటే చూసి రాసేస్తుంది. కాళ్లకూ ఒక గడి ఉంటే బెంచీ దగ్గరే చెప్పులు విప్పించేది కదా అనిపించింది. కాసేపటికి అదీ నమ్మకం పోయింది. గడి ఉంటే చూడకుండానే "నార్మల్" అని నింపేవాళ్లు లేరా ఏం.

రాత్రి అన్నం తిన్నాక నేనే చూశాను. ఇంగ్లండులో ఇప్స్‌విచ్ అనే ఊరి డాక్టర్లు కనిపెట్టిన పద్ధతి, దీనికి ఏ సామానూ అక్కర్లేదు. మనిషిని కళ్లు మూసుకోమని, రెండు కాళ్ల బొటనవేలు, నడిమి వేలు, చిటికెన వేలు కొసలను మన వేలితో మెల్లగా, నొక్కకుండా, ఒకటి రెండు సెకన్లు తాకాలి. ఏ కాలో చెప్పాలి. ఆరింట్లో రెండు తెలియకపోతే ముప్పు ఉన్నట్టు లెక్క. అత్త కుడి, ఎడమ అని బడిపిల్లలా చెప్పింది. ఎడమ చిటికెన వేలు తాకినప్పుడు మాత్రం, "ఇంకా తాకవేమి?" అంది.

ఒకటే కదా, టెన్షన్ పడొద్దు అంటాడు ఆయన. నిద్రమబ్బులో ఉన్నానంటుంది అత్త. సోమవారం మళ్లీ తీసుకెళ్తాను, ఈసారి సారు అడిగినా అడగకపోయినా చెప్పులు నేనే విప్పిస్తాను.

అసలు గొడవ శనివారం గురించి. కసాపురం ఆంజనేయస్వామి గుడికి పోతానంటోంది, ఈ ఎండల్లో, ఆ బండల మీద, వట్టి కాళ్లతో. సాక్సులు వేసుకోమంటే, "స్వామి దగ్గరికి సాక్సులేసుకోని పోతారా ఎవరన్నా?" అని కస్సుమంది. ఆయన మధ్యస్తానికి వచ్చి, తెల్లవారుజామున బస్సెక్కితే బండలు కాలకముందే దర్శనం అయిపోతుంది కదా అన్నాడు. ఆ చీకట్లో లేచి మాత్రకు ముందు అత్తకు ఉగ్గాని ఎవరు చేసి పెడతారో మాత్రం చెప్పలేదు.