దవడలో తిత్తి, దానికో గొట్టం

నాకు వచ్చింది డెంటిజెరస్ సిస్టు, అంటే బయటికి రాని పంటి చుట్టూ కట్టే నీటి తిత్తి. కింది దవడ ఎడమ పక్క, బయటికి రాకుండా ఎముకలోనే అడ్డంగా పడుకున్న జ్ఞానదంతం చుట్టూ కట్టింది. పంటి తలకూ దాన్ని కప్పి ఉండే పలుచని పొరకూ మధ్య నీరు చేరుతుంది, ఆ ఒత్తిడికి చుట్టూ ఎముక కరుగుతూ పోతుంది. చీము పడితే తప్ప నొప్పి ఉండదు. అందుకే ఇంకో పంటి కోసం తీసిన ఓపీజీలో (రెండు దవడలూ ఒకే ఫిల్ములో పడే ఎక్స్‌రే) బయటపడడమే ఎక్కువ: పంటి తల చుట్టూ నల్లటి మచ్చ, దానికి సన్నని తెల్లటి అంచు.

ఆ ఎక్స్‌రే చూసి పేరు ఖాయం చేయకూడదు. కెరటోసిస్టు అనే ఇంకో రకం తిత్తి, అమెలోబ్లాస్టోమా అనే దవడ గడ్డ కూడా అట్లే కనబడొచ్చు, వాటి వైద్యం వేరు, తిరగబెట్టే గుణం ఎక్కువ. సూదితో లాగితే ఎండుగడ్డి రంగు నీళ్లు రావడం మంచి గుర్తే కానీ, తేల్చేది బయాప్సీ, అంటే చిన్న ముక్క కోసి ల్యాబులో పరీక్షించడం. ముక్కను 10 శాతం ఫార్మలిన్‌లో వేయాలి, సెలైన్‌లో వేస్తే పాడవుతుంది. సీసా మనచేతికే ఇచ్చి ల్యాబుకు పంపితే, పేరు, ఏ పక్క దవడ అన్నది మూత మీద కాకుండా సీసా ఒంటి మీద రాసిందా చూసుకోండి. కడపలో అయితే రిమ్స్ ఆసుపత్రి ఆవరణలోనే ప్రభుత్వ దంత కళాశాల ఉంది.

తిత్తి చిన్నదైతే పంటితో సహా ఒకేసారి తీసేస్తారు. నాది కింది పెదవికి స్పర్శనిచ్చే నరాన్ని ఆనుకుని ఉంది, దవడ కింది అంచు పలుచబడింది. అట్లాంటప్పుడు తిత్తికి రంధ్రం చేసి, చిన్న గొట్టం కుట్టి వదిలేస్తారు. లోపలి ఒత్తిడి తగ్గితే ఎముక మెల్లగా పూడుకుని వస్తుంది, తిత్తి కుంచించుకుంటుంది. కొన్ని నెలలాగి, మిగిలిన తిత్తినీ పంటినీ తీస్తారు.

ఈ నెలల్లో పనంతా మనదే. 20 మిల్లీలీటర్ల సిరంజికి సూది తీసేసి, వంపు తిరిగిన మొద్దు మూతి పెట్టుకోవాలి. గోరువెచ్చని సెలైన్, లేదా కాచి చల్లార్చిన గ్లాసు నీళ్లలో అర చెంచా ఉప్పు. తల వంచి, మూతిని గొట్టంలో కొద్దిగా మాత్రమే దూర్చి, మెల్లగా నొక్కాలి. తిరిగొచ్చే నీళ్లు తేటగా అయ్యేదాకా, రోజుకు రెండుసార్లు, రాత్రి తిన్నాక తప్పనిసరి. నీళ్లు పోకపోతే బలంగా నొక్కొద్దు, గొట్టంలో మెతుకు ఇరుక్కుని ఉంటుంది. దుర్వాసన, ఉప్పదనం మొదలైతే చీము పడుతోందని అర్థం. గొట్టం ఊడిపోతే మాత్రం అదే రోజు పోవాలి, చిగురు కొద్దిరోజుల్లోనే రంధ్రాన్ని మూసేస్తుంది, మళ్లీ కోయాల్సిందే.

క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిములను చంపే మందునీళ్లు పుక్కిలించమంటారు. పేస్టుతో తోముకున్న అరగంట తర్వాతే వాడాలి, లేదంటే సరిగ్గా పని చేయకపోవచ్చు. పళ్లకు గోధుమరంగు పడుతుంది, క్లీనింగ్‌తో పోతుంది.

తిండి విషయంలో మన సీమ సంగటి పెద్ద దిక్కు, నమలక్కర్లేదు. మెత్తగా చేసి, గోరువెచ్చగా, పప్పుతో తినాలి, ఎర్రకారం వద్దు. ఉగ్గాని మాత్రం మానుకోండి, బొరుగుల పొట్టు సరిగ్గా గొట్టంలోకే పోతుంది. రెండో ఆపరేషన్ తర్వాత, ఎముక బలపడేదాకా, చెనక్కాయలు, చెరకు, మురుకులు ముట్టొద్దు. పలుచబడిన దవడ గట్టిది కొరికితే విరగొచ్చు. నాకు ఆరు వారాలు చెప్పారు.

ఆ నరం పక్కనే ఆపరేషన్ చేస్తారు కాబట్టి పెదవి తిమ్మిరెక్కొచ్చు. అది చాలామందిలో వారాల నుంచి నెలల్లో తగ్గుతుంది, కొందరికి కొంత మిగిలిపోతుంది. దూదిపోగుతో తాకుతూ స్పర్శ లేని చోటు అంచును పెన్నుతో గీసి, ఫోటో తీసి పెట్టుకుంటే తగ్గుతోందా లేదా తెలుస్తుంది. అంతదాకా వేడి టీ కప్పును తిమ్మిరి లేని పక్కనే పెదవికి ఆనించాలి. కాలినా తెలియదు.

చివరి బయాప్సీ కాగితం చేతికొచ్చాక కూడా ఆరు నెలలకు, ఏడాదికి ఓపీజీ తీయించుకోవాలి. పాత ఫిల్ము వెంట తీసుకుపోండి. పక్కపక్కన పెట్టి చూస్తేనే ఎముక ఎంత పూడిందో డాక్టరుకు తెలుస్తుంది.