మీ వారి సంతకం కావాలండి (నా అనుభవం)

నిన్న రాత్రి పదకొండు దాటాక ఇంటికి చేరాను. నిద్ర పట్టడం లేదు, కోపం దిగడం లేదు. అందుకే రాస్తున్నాను.

నాకు ముప్ఫయ్యో వారం. మూడు రోజులుగా గాజువాకలో మా ఇంటి మెట్లు పన్నెండు ఎక్కితే నోట మాట రావడం లేదు. ముందు చూపించుకున్న చోట, ఏడో నెలలో ఆయాసం మామూలేనని బలానికి మాత్రలిచ్చి పంపారు. ఎడమ కాలు వాచిందని చెప్పినా కిందికి వంగి చూడలేదు. గర్భిణులకు రక్తం గడ్డకడితే ఎక్కువగా ఎడమ కాలిలోనేనట. అక్కడి సిరను ధమని, బరువెక్కిన గర్భసంచి నొక్కుతాయి. ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరితే ఆయాసం వస్తుంది. కాలు చూడని డాక్టరు దగ్గర రెండో నిమిషం కూర్చోకండి.

రామ్‌నగర్‌లో రెండో డాక్టరమ్మ చూశారు. నాడి 118. కాలిలో గడ్డ లక్షణాలున్నాయా, దగ్గితే రక్తం పడుతోందా, అన్నిటికంటే ఊపిరితిత్తుల్లో గడ్డ అనే అనుమానమే బలంగా ఉందా అని మూడు విషయాలు చూసుకున్నారు. రక్తంలో గడ్డల జాడ పట్టే డి-డైమర్ అనే పరీక్ష చేశారు. ఆ అంకె గర్భంతో మామూలుగానే పెరుగుతుంది. ఆ మూడూ లేకపోతే 1000 లోపు ఉన్నా గడ్డ లేనట్టేనట. ఒక్కటున్నా 500 లోపు ఉండాలి. నాకు 1480. కాలి రక్తనాళాలు చూసే డాప్లర్ స్కాన్‌లో గడ్డ కనబడలేదు, అయినా ఊపిరితిత్తులకు సీటీ స్కాన్ తప్పదన్నారు. ఈలోగా రక్తం గడ్డకట్టకుండా పొట్ట పక్కన హెపారిన్ సూది వేశారు. బిడ్డకు తగులుతుందేమోనని అత్తయ్యగారు కంగారు పడ్డారు కానీ, ఆ మందు మాయ దాటి బిడ్డకు చేరదు.

ఇక స్కానింగ్ సెంటరు. పేరు రాయను.

"కడుపుతో ఉండి సీటీయా?" అని కౌంటరులో అబ్బాయి హాలంతా వినబడేలా అడిగాడు. తలలన్నీ నా పొట్ట వైపు తిరిగాయి. ఎవరో పెద్దావిడ "ఈ కాలం పిల్లలు" అంటూ నిట్టూర్చింది.

"మీ వారు రావాలండి, సంతకం పెట్టాలి."

"ఆయన స్టీల్ ప్లాంటులో బి షిఫ్టు. పది దాటితే గానీ రారు. నేను పెడతాను."

"మీది చెల్లదండి."

నేను బ్యాంకులో రుణాల విభాగం చూస్తాను. నా సంతకంతో ఇళ్లు లేచాయి, లారీలు రోడ్డెక్కాయి. నా ఊపిరితిత్తులకు మాత్రం అది చెల్లదట! "పోనీ మీ అత్తగారిని పెట్టమనండి" అన్నాడు. వేలిముద్ర తప్ప తెలియని అత్తయ్యగారు, "ప్రాణం ఆ పిల్లది, నా వేలెందుకు బాబూ?" అన్నారు. పదేళ్లలో నాకు ఆవిడ మీద అంత ప్రేమ ఎప్పుడూ కలగలేదు.

లోపలి నుంచి టెక్నీషియన్ వచ్చి, రేపు బిడ్డకు ఏమైనా అయితే తమనే అంటారన్నాడు. బిడ్డకు చేరే రేడియేషన్ ఒక మిల్లీగ్రే (రేడియేషన్ కొలత) కూడా ఉండదనీ, హాని గురించి ఆలోచించేది 50 దాటితేననీ డాక్టరమ్మ చెప్పిన మాట అప్పజెప్పాను. ఆయన ఫోను చూసుకున్నాడు. గంటన్నర అలా కూర్చోబెట్టారు. నిజంగా గడ్డే ఉంటే ఆ గంటన్నర ఎవరి ఖాతాలో వేసేవారు? కుదరదన్న మాట కాగితం మీద రాసివ్వమని అడగాల్సింది. నాకు తట్టలేదు, మీరు అడగండి.

చివరికి డాక్టరమ్మ నేరుగా అక్కడి రేడియాలజిస్టుకు ఫోను చేశారు. ఐదు నిమిషాల్లో ఫారం వచ్చింది. అందులో మొట్టమొదటి గీత కింద ఉన్నది "రోగి సంతకం". పెట్టాను, కాగితం చిరిగేంత గట్టిగా.

స్కాన్ నిమిషాల పని. రంగు మందు ఎక్కగానే ఒళ్లంతా వేడెక్కి, బట్టలు తడిసిపోయాయేమో అనిపించింది. తడవలేదు. గడ్డ లేదు. హిమోగ్లోబిన్ 7.6 అని తేలింది, ఆయాసం దానిదేనట. రేపటి నుంచి ఐరన్ సెలైన్‌లో ఎక్కిస్తారు. కాలి వాపు మీద కన్నేసి ఉంచమన్నారు.

పదకొండు కావస్తుండగా మా ఆయన మెడలో గేటు పాసుతోనే పరుగెత్తుకొచ్చి, రొప్పుతూ అడిగారు: "సంతకం ఎక్కడ పెట్టాలి?"