పుష్యమాసంలో తెల్లబడ్డ చెట్లు

పుష్యమాసం మా పనికి సెలవు నెల. ముహూర్తాలు ఉండవు, పెళ్లిళ్లు ఉండవు. నర్సంపేటలో మా స్టూడియోకి పాస్‌పోర్ట్ ఫొటోల కోసం వచ్చేవాళ్లే. ఈసారి ఆ నెలంతా ఒక్కటే పని పెట్టుకున్నాను. బీరువాలో మూలకు పడి ఉన్న నికాన్ డి70ని బయటికి తీసి, దాంతో ఇన్‌ఫ్రారెడ్ ఫొటోలు, అంటే ఎరుపుకి అవతల మన కంటికి కనపడని వెలుతురుతో తీసే ఫొటోలు, తీయడం మొదలుపెట్టాను.

ఆ కెమెరా 2004 నాటిది, 6 మెగాపిక్సెళ్లే. కానీ ఈ పనిలో నా కొత్త కెమెరా దాని ముందు నిలవదు. వెలుతురు అలల పొడవుని నానోమీటర్లలో కొలుస్తారు. మన కన్ను దాదాపు 700 నానోమీటర్ల దగ్గర ఆగిపోతుంది. కెమెరా సెన్సర్‌లోని సిలికాన్ మాత్రం ఇంచుమించు 1100 దాకా చూస్తుంది. అలా చూస్తే మామూలు ఫొటోల్లో రంగులు పాడవుతాయి కాబట్టి, ఇన్‌ఫ్రారెడ్‌ని ఆపే ఒక గాజును సెన్సర్ ముందే బిగించి ఇస్తారు. కొత్త కెమెరాల్లో ఆ గాజు గట్టిగా ఆపుతుంది, డి70లో చాలావరకు వదిలేస్తుంది. మీ కెమెరా సంగతి తెలుసుకోవాలంటే చీకటి గదిలో టీవీ రిమోట్‌ని లెన్స్ వైపు తిప్పి, బటన్ నొక్కి ఉంచి ఫొటో తీయండి. రిమోట్ ముందున్న చిన్న బల్బు బాగా వెలిగినట్టు పడితే ఆ కెమెరా పనికొస్తుంది.

ఇక కావాల్సింది ఫిల్టర్. నేను వాడేది హోయా ఆర్72. కంటికి కనిపించే వెలుతురునంతా దాదాపుగా ఆపేసి, 720 నానోమీటర్ల పైన ఉన్నదాన్ని పోనిస్తుంది. చేతిలో పట్టుకుంటే నల్ల గాజు బిళ్ల. అది బిగించాక వ్యూఫైండర్‌లో ఏమీ కనపడదు, డి70లో స్క్రీన్ మీద చూసుకునే వీలూ లేదు. అందుకే ముందు స్టాండ్ వేసి, ఫ్రేమ్ చూసుకుని, ఫోకస్ చేసి, దాన్ని మాన్యువల్‌కి మార్చి, అప్పుడు కదలకుండా ఫిల్టర్ తిప్పాలి. ఇన్‌ఫ్రారెడ్ ఫోకస్ మామూలు వెలుతురు పడే చోట పడదు. పాత లెన్సుల మీద దానికోసమే ఒక ఎర్ర గీత ఉండేది. నా లెన్స్ మీద ఆ గీత లేదు కాబట్టి ఎపర్చర్‌ని, అంటే లెన్స్‌లో వెలుతురు దూరే రంధ్రాన్ని, ఎఫ్8, ఎఫ్11 మధ్యకి తగ్గించి పెట్టుకుంటాను. అప్పుడు ఫోకస్ పడే లోతు పెరిగి, ఆ తేడా అందులో కలిసిపోతుంది. ఐఎస్‌ఓ (సెన్సర్ వెలుతురుని పట్టే వేగం) 200, ఎఫ్8, మిట్టమధ్యాహ్నపు ఎండ అయితే డి70కి రెండు సెకన్లు చాలు. అదే చోట నా కొత్త కెమెరాకి అర నిమిషం పైనే పట్టింది, ఆలోపు గాలికి ఆకులన్నీ అలికినట్టయ్యాయి.

మొదటి రోజు పాఖాల చెరువు కట్ట మీదికి వెళ్లాను. ఇరవై ఫొటోలు తీస్తే ఇరవైటిలోనూ సరిగ్గా నడుమ ఒక గుండ్రటి తెల్ల మచ్చ. సెన్సర్ పోయిందేమోనని టెన్షన్ పట్టుకుంది. వ్యూఫైండర్ వెనక నుంచి వెలుతురు దూరుతోందని నల్లగుడ్డ కప్పి చూశాను, మచ్చ పోలేదు. తీరా చూస్తే అది లెన్స్ వల్ల వచ్చింది. కొన్ని లెన్సుల లోపల ఇన్‌ఫ్రారెడ్ అటూ ఇటూ తగిలి నడిమికి చేరుతుంది, దీన్ని హాట్‌స్పాట్ అంటారు. ఎపర్చర్ తగ్గించేకొద్దీ ఇంకా తేలుతుంది. పెళ్లిళ్లలో నేను ప్రాణంగా వాడే 50 ఎంఎం లెన్స్ ఈ పనికి రాలేదు, పాత జూమ్ లెన్స్ పెడితే మచ్చ మాయమైంది.

రెండో గొడవ రంగుది. ఏం తీసినా కుంకుమ నీళ్లలో ముంచినట్టు వస్తుంది. కట్ట మీది పచ్చగడ్డిని ఫ్రేమ్ నిండా పెట్టి, దానితోనే ప్రీసెట్ వైట్ బ్యాలెన్స్ చేసుకుంటే, అంటే ఆ గడ్డినే తెలుపుగా లెక్కపెట్టుకొమ్మని కెమెరాకి చెబితే, ఆకులు తెల్లబడి, ఆకాశం ఇటుక రంగుకి దిగుతుంది. తర్వాత ఫొటోలు దిద్దే సాఫ్ట్‌వేర్ జింప్‌లో ఛానెల్ మిక్సర్ తెరిచి ఎరుపు చోట నీలం, నీలం చోట ఎరుపు పెడితే ఆకాశం నీలమవుతుంది. అందరూ ఇష్టపడేది అదే. నాకు మాత్రం బ్లాక్ అండ్ వైట్‌లోనే దీని అందమంతా ఉంది.

అలా తీసిన పాఖాల నాకు తెలిసిన పాఖాల కాదు. గణపతిదేవుడి కాలం నాటి చెరువు అది, చిన్నప్పటి నుంచి చూస్తున్నదే. నీళ్లు కాటుక నలుపు, చుట్టూ అడవి పాల తెలుపు, వెనక గుట్టలు ఒక్కొక్క మడత విడివిడిగా. మామూలు ఫొటోలో ఆ గుట్టలు బూడిద రంగు పొగలో కలిసిపోతాయి. అలల పొడవు పెరిగేకొద్దీ గాలిలో వెలుతురు చెదరడం బాగా తగ్గిపోతుంది, అందుకే ఈ తేట. పెళ్లి ఫొటోలకి మధ్యాహ్నపు ఎండ అస్సలు పనికిరాదు, పదహారేళ్లుగా దాన్ని తప్పించుకు తిరిగాను. ఇప్పుడు పన్నెండు ఎప్పుడవుతుందా అని చూస్తున్నాను.

ఆకులు ఎందుకు తెల్లబడతాయో స్టూడియో ముందున్న క్రోటన్ మొక్క చూపించింది. ఒక ఆకు తెంపి బండ మీద పెట్టాను. కంటికి ఎర్ర మచ్చలు, పసుపు ఈనెలు, అంచున ముదురు ఆకుపచ్చ. ఫొటోలో ఆ రంగులేవీ లేవు, ఆకంతా ఒకటే తెలుపు. పచ్చదనాన్నిచ్చే పత్రహరితం గానీ, ఎరుపునిచ్చే పదార్థం గానీ ఇన్‌ఫ్రారెడ్‌ని పట్టుకోవు. అది లోపలికి పోయి, కణాల మధ్య ఉన్న గాలి ఖాళీల దగ్గర చెదిరి వెనక్కి వచ్చేస్తుంది. 1910లో ఇలాంటి ఫొటోలు అచ్చువేయించిన అమెరికా భౌతికశాస్త్రవేత్త రాబర్ట్ వుడ్ పేరు మీదే దీన్ని వుడ్ ఎఫెక్ట్ అంటారు. ఆ వుడ్‌కి కలపతో సంబంధం లేదు.

మన హైదరాబాద్‌లోని ఎన్‌ఆర్‌ఎస్‌సీ (జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం) వాళ్లు ఉపగ్రహ చిత్రాల్లో పంటను గుర్తుపట్టేదీ దీనితోనే. 1988లో ఎగిరిన మన ఉపగ్రహం ఐఆర్‌ఎస్-1ఎ కెమెరాల్లోనే 770 నుంచి 860 నానోమీటర్ల వెలుతురుని విడిగా పట్టే ఒక బ్యాండ్ ఉంది. ఆ చిత్రాల్లో చేన్లు ఎర్రగా కనిపించేది, ఈ బ్యాండ్‌కి ఎరుపు రంగు ఇచ్చి చూపిస్తారు కాబట్టే.

ఈ ఉపగ్రహాల సంగతి చదివాక కెమెరా పట్టుకుని మా మడికి పోయాను. యాసంగి నాటు వేసి పది పన్నెండు రోజులైంది, బురద తేరుకుని నీళ్లు నిలకడగా ఉన్నాయి. ఫొటోలో నీళ్లు నల్లబడి, ఒక్కో కుదురు ఒక్కో తెల్ల చుక్కై వరసగా తేలింది. కల్లాపి చల్లిన వాకిట్లో చుక్కలు పెట్టి, ఇంకా గీతలు కలపని ముగ్గులా ఉంది. పాఖాల ఫొటోలు చూసినప్పుడు "చెట్లకు సున్నం కొట్టినట్టున్నదేందిరా" అని పక్కన పెట్టిన అమ్మ, ఈ ఫొటోని మాత్రం చాలాసేపు చూసింది. చూసి, కింది మూల మీద వేలు పెట్టి, "ఈడ చుక్కలు పలచగున్నయి, మళ్ల నాటాలె" అంది. మర్నాడు పోయి చూస్తే నిజంగానే ఆ మూల కుదుర్లు పోయాయి.

ఆ మడినే కోతల దాకా పదిహేను రోజులకోసారి తీయాలనుకున్నాను. ఫ్రేమ్ మారకుండా ఒడ్డు మీద స్టాండ్ కాళ్లు ఆనిన చోట మూడు రాళ్లు పాతి వచ్చాను. గడ్డి కోసేటప్పుడు వాటిని కదపొద్దని అమ్మకి చెప్పాను.