పొద్దున్నే మొరాయించి, మధ్యాహ్నం పనిచేసే చైన్ సా

చింతపల్లి దగ్గర మా కాఫీ తోటలో డిసెంబరు నెల వచ్చిందంటే, రాత్రి గాలికి విరిగిన సిల్వర్ ఓక్ కొమ్మలు తెల్లవారేసరికి దారికి అడ్డంగా పడి ఉంటాయి. పండ్లు కోసేవారు తోటలోకి దిగేలోగా వాటిని కోసి పక్కకు లాగాలి. లంబసింగి వైపు నుంచి దిగే మంచులో, చేతులు కొంకర్లు పోయే ఆ వేళలోనే మా చైన్ సా, అంటే కొమ్మలు కోసే పెట్రోల్ రంపం, రెండేళ్లపాటు మొరాయించింది. స్టార్ట్ చేసే తాడును ముప్పై సార్లు లాగినా ఉలుకూ పలుకూ ఉండేది కాదు. ఎలాగో ఒకసారి అంటుకుని పది నిమిషాలు నడిచిందంటే మాత్రం, ఆ తరువాత సాయంత్రం దాకా ఒక్క లాగుకే స్టార్ట్ అయ్యేది. ఈ తేడాలోనే జబ్బు ఏమిటో దాగి ఉందన్న సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

రిపేరుకు ఇచ్చిన చోట మొదట నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గు మార్చారు, తరువాత దానికి కరెంటు అందించే ఇగ్నిషన్ కాయిల్ మార్చారు. రెండింటికీ డబ్బు పెట్టాను, ఉదయపు బాధ మాత్రం తగ్గలేదు. కాయిల్ బలహీనపడితే సాధారణంగా వేడెక్కిన తరువాత మొండికేస్తుంది, చల్లారితే మళ్లీ పనిచేస్తుంది. మా మిషన్ తీరు దీనికి సరిగ్గా వ్యతిరేకం. చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ కాక, వేడెక్కాక చక్కగా నడిచే ఇంజిన్‌లో ముందుగా అనుమానించవలసింది పెట్రోల్ అందడాన్ని, ఆ తరువాతే నిప్పురవ్వను.

దీన్ని తేల్చుకోవడానికి ఖరీదైన పనిముట్లేవీ అక్కరలేదు. చోక్ (ఇంజిన్‌కు గాలి వెళ్లే దారిని మూసే పలక) పూర్తిగా మూసి, ఏడెనిమిది సార్లు తాడు లాగి, ప్లగ్గు విప్పి చూడాలి. కొన తడిగా ఉంటే పెట్రోల్ వస్తున్నా అంటుకోవడం లేదని అర్థం. పొడిగా ఉంటే పెట్రోల్ రావడమే లేదు. మాది ఎప్పుడు చూసినా పొడిగానే ఉండేది. ప్లగ్గు రంధ్రంలో ఆయిల్ కలిపిన పెట్రోల్ నాలుగు చుక్కలు వేసి, ఒలికినది శుభ్రంగా తుడిచి, ప్లగ్గు బిగించి లాగితే రెండు క్షణాలు నడిచి ఆగిపోయింది. అంటే నిప్పురవ్వ ఉంది, కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి, పెట్రోల్ మిశ్రమం నొక్కుకునే ఒత్తిడి) కూడా నడవడానికి సరిపడా ఉంది, లోపం గాలిలో పెట్రోల్ కలిపి ఇంజిన్‌కు అందించే కార్బొరేటర్ వైపే ఉందని తేలింది.

చైన్ సాను ఎటు వంచినా నడవాలి కాబట్టి, మోటారు సైకిల్‌లో ఉండే ఫ్లోట్ గిన్నె దీని కార్బొరేటర్‌లో ఉండదు. దాని బదులు డయాఫ్రమ్ అనే పలుచని పొర ఉంటుంది. ఇంజిన్ గాలిని పీల్చుకున్నప్పుడు ఆ పొర లోపలికి వంగి ఒక చిన్న లివరును నొక్కుతుంది, అప్పుడు సూది లేచి పెట్రోల్‌కు దారి ఇస్తుంది. కొన్నేళ్లకు ఈ పొర మెత్తదనం పోయి బిరుసెక్కుతుంది. ఇంజిన్ నిమిషానికి వేల చుట్లు తిరుగుతున్నప్పుడు ఉండే పీల్పుకు బిరుసు పొర అయినా వంగుతుంది గాని, మన చేతితో తాడు లాగినప్పుడు పుట్టే కొద్దిపాటి పీల్పుకు, అందులోనూ చలికి మరింత గట్టిపడి ఉన్నప్పుడు, అది కదలదు. చల్లటి పెట్రోల్ సరిగా ఆవిరి కాదు కనుక ఉదయం పూట ఇంజిన్‌కు మామూలుకంటే ఎక్కువ పెట్రోల్ కావాలి. ఎక్కువ కావలసిన ఆ సమయంలోనే తక్కువ అందడం వల్ల అది మొండికేస్తుంది.

మా మిషన్‌లో దీనికి తోడు చోక్ పలక కూడా పూర్తిగా మూసుకోవడం లేదు. మీట చివరిదాకా వచ్చినా లోపల పలక పక్కన సన్నని సందు మిగిలేది. ఎయిర్ ఫిల్టర్ తీసి కంటితో చూస్తే గాని ఇది కనబడదు. ఆ సందుతో గాలి ఎక్కువై, పీల్పు ఇంకా తగ్గిపోతుంది.

కార్బొరేటర్ కిట్ కొని డయాఫ్రమ్‌లు, గాస్కెట్లు మార్చాను. చోక్ కడ్డీని సరిచేశాను. ట్యాంకులోని పెట్రోల్ ఫిల్టర్‌ను, పగుళ్లు పట్టిన సన్నని గొట్టాన్ని కూడా అదే రోజు మార్చేశాను, ఎందుకంటే గొట్టంలో చీలిక ఉంటే పెట్రోల్‌తో పాటు గాలి కూడా లోపలికి పోతుంది.

పెట్రోల్ విషయంలో మాత్రం తోటి రైతులను గట్టిగా కోరుతున్నాను. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ ఉంటోంది. చాలా చైన్ సాల మాన్యువల్స్ 10 శాతం వరకే అంగీకరిస్తాయి. ఇథనాల్ గాలిలోని తేమను లాగుతుంది, రబ్బరు భాగాలను పాడుచేస్తుంది. అందుచేత టూటీ (టూ-స్ట్రోక్ ఇంజిన్ల పెట్రోల్‌లో కలిపే) ఆయిల్‌ను 50కి 1 పాళ్లలో, అంటే లీటరుకు 20 మిల్లీలీటర్ల చొప్పున, ఆ నెలకు సరిపడేంత మాత్రమే కలుపుతున్నాను. పని లేని రోజులు వస్తే ట్యాంకు ఖాళీ చేసి, ఇంజిన్ దానంతట అది ఆగేదాకా నడిపి పక్కన పెడుతున్నాను.

స్టార్ట్ చేసే పద్ధతి కూడా ముఖ్యమే. మిషన్‌ను నేలమీద ఆనించి, చైన్ బ్రేకు వేసి, వెనుక పిడిలో కాలు పెట్టి లాగాలి. చేతిలో వేలాడదీసి లాగడం ప్రాణాపాయం. చోక్ మూసి లాగుతుండగా మొదటి "టప్" మని ఒక్క చప్పుడు వస్తుంది. అది వినగానే మీటను సగం చోక్‌కు మార్చాలి. మంచులో తలకు మఫ్లర్ చుట్టుకుని ఉంటే ఆ చప్పుడు వినబడదు. అది వినకుండా లాగుతూ పోతే సిలిండర్‌లో పెట్రోల్ నిండిపోతుంది. అప్పుడు ప్లగ్గు విప్పి, చోక్ తెరిచి, పది సార్లు లాగి ఆరబెట్టాలి.

ఈ జనవరిలో నాలుగో లాగుకు "టప్", ఆరో లాగుకు స్టార్ట్. విప్పిన పాత డయాఫ్రమ్‌ను డబ్బాలో దాచాను. ఇదే బాధతో ఎవరైనా వస్తే దాన్నీ కొత్త దాన్నీ పక్కపక్కన పెట్టి వేలితో నొక్కమంటాను. కొత్తది లేత తమలపాకులా వంగుతుంది, పాతది అప్పడంలా చిటపటమంటుంది.